గుర్రం సరే... కళ్ళెం మాటేమిటి?

"మామయ్యా! బండి కొనాలి. ఏది కొనమంటావ్?"

మా అక్క కొడుకు ఈ ప్రశ్న వేసేటప్పటికి నేను పాల్వంచలో మా ఇంటి వరండాలో కూచుని బుల్లెట్ చైనుకి ఆయిల్ పెడుతున్నాను. వాడికి ఇరవై యేళ్ళు. కొత్తగూడెంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. లైసెన్సు వుంది, గడ్డం వుంది, లేనిదల్లా సొంత బండి వొక్కటే!

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అక్క అందుకుంది.

"ఒరేయ్, వాణ్ణి చిన్నప్పుడు ట్యాంకు మీద కూచోబెట్టుకుని ఊరంతా తిప్పి ఈ పిచ్చి అంటించింది నువ్వే. నువ్వు ఏది సరే అంటే అదే కొనిస్తానంటున్నారు మీ బావ. రేపేదన్నా అయితే మాత్రం నేను నిన్నే అడుగుతా!"

చూశారా ఎంత చిక్కులో పడ్డానో! సినిమాల గురించి నాలుగు వ్యాసాలు రాసుకుని బతికేవాణ్ణి. పిక్చర్ బాగులేకపోతే బాగులేదని రాసేస్తాను, పోయేది టిక్కెట్టు డబ్బులే. బండి విషయంలో అలా కాదు. నా మాట నమ్మి కుర్రాడు రోడ్డెక్కుతాడు.

"నీ మనసులో ఏముంది ముందు చెప్పు" అన్నాను.

వాడు సెల్ ఫోన్ తీసి చూపించేడు. కేటీఎం డ్యూక్ 390. నారింజ రంగు చక్రాలు, దూకబోతున్న చిరుతపులి వాటం. "నలభై ఆరు గుర్రాలు మామయ్యా!" అన్నాడు కళ్ళు మెరుస్తుండగా.

నలభై ఆరు హార్స్‌పవర్! పాఠకులకి అందులో విశేషం అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఊరు చూసిన బండ్లు

భద్రాచలం రాముడి దర్శనానికి వెళ్ళేవాళ్ళకి పాల్వంచ అంటే బస్సు కిటికీలోంచి కనిపించే పొగగొట్టాలు. మాకు మాత్రం అది అన్ని జిల్లాల వాళ్ళూ కలిసిన ఊరు. 1966లో ఇక్కడి థర్మల్ స్టేషన్‌లో కరెంటు ఉత్పత్తి మొదలయింది. తర్వాత స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ వొకటి వచ్చింది. ఉద్యోగాలతో మనుషులొచ్చేరు, మనుషులతో బండ్లొచ్చేయి. మా నాన్న థర్మల్‌లోనే పని చేశారు. ఆయనతో పాటు షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ బండి చప్పుడుని బట్టి ఎవరొస్తున్నారో ఆడవాళ్ళు ఇంట్లోంచే చెప్పేవాళ్ళట!

రాజ్‌దూత్ వుండేది. ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ వాళ్ళు పోలెండు దేశపు నమూనా మీద తయారుచేసిన 175 సి.సి. బండి. అటూ ఇటూ పాలక్యాన్లు కట్టినా, వెనక వడ్లబస్తా వేసినా కిమ్మనేది కాదు. పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా అందులో ఆయిల్ కొలిచి కలపాలి. స్టార్టు చేస్తే వీధంతా పొగ. నన్నడిగితే రాజ్‌దూత్ మోటారు సైకిలు కాదు, చక్రాలున్న గేదె! అందం అడక్కూడదు, పాడి చూడాలి.

మా నాన్నది ఎజ్డీ. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ వాళ్ళు 1961 నుంచి జావా బండ్లు చేశారు. 1973లో ఆ బండికే ఎజ్డీ అని పేరు మార్చేరు. ఇంజను వొకటే గాని సైలెన్సర్లు రెండు. ఇంకో తమాషా వుంది. కిక్కు కొట్టిన రాడ్డే ముందుకి వాలిస్తే గేరు రాడ్డు అయిపోతుంది! కొత్తవాడెవడన్నా నడపబోతే గేరెక్కడుందో తెలీక రోడ్డు మధ్యలో వెతుక్కునేవాడు. దొంగలకి కూడా అదే ఇబ్బంది అని నాన్న నవ్వేవారు. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత వేరే కంపెనీ 2018లో జావా పేరునీ, 2022లో ఎజ్డీ పేరునీ మళ్ళీ రోడ్డెక్కించింది.

ఇక బుల్లెట్! 1950లలో మన సైన్యం సరిహద్దుల గస్తీ కోసం ఎంచుకున్న బండి. 1955లో మద్రాసు మోటార్స్ వాళ్ళు ఇంగ్లండు కంపెనీతో కలిసి మద్రాసు దగ్గర తయారీ పెట్టేరు. కన్న ఊళ్ళో ఆ కంపెనీ మూతపడినా పెంచిన ఊళ్ళో మాత్రం బండి బతికింది. దాని చప్పుడు మీద బోలెడు మంది మోజు పడతారుగాని నేను మోజు పడింది దాని నిదానం మీద. బుల్లెట్ మనిషిని తొందర పెట్టదు.

అయితే పాత బుల్లెట్‌లో వొక మెలిక వుంది. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడంకాలి కింద. మిగతా బండ్లన్నిటికీ అటుదిటు. రోజూ వేరే బండి నడిపేవాడు స్నేహితుడి బుల్లెట్ ఎక్కేడనుకోండి. గేదె అడ్డమొచ్చినప్పుడు కుడికాలు గట్టిగా నొక్కుతాడు. బండి ఆగదు, గేరు మారుతుంది! తర్వాత కొత్త మోడళ్ళలో కంపెనీ వాళ్ళు దాన్ని అందరి పద్ధతికీ మార్చేరు. పాత బుల్లెట్ అభిమానులు కొందరు ఇప్పటికీ దానికి ఏడుస్తుంటారు. నేను ఏడవను.

1983లో రాజ్‌దూత్ పేరు మీదే యమహా ఆర్‌డి 350 వచ్చింది. రెండు సిలిండర్లు, సుమారు ముప్ఫై గుర్రాలు. ఆ రోజుల్లో అదొక పిడుగు. జపాన్‌లో దానికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు వుండేది. మన దేశానికొచ్చేటప్పటికి ఖర్చు కలిసొస్తుందని డ్రమ్ము బ్రేకే పెట్టేరు. అంటే గుర్రం జపాన్‌ది, కళ్ళెం మనది! ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1985లో ఆర్‌ఎక్స్ 100 దిగింది. 98 సి.సి., పదకొండు గుర్రాలు, మనిషి చేత్తో పక్కకి జరిపేయగలిగినంత తేలిక. పదకొండేనా అనుకునేరు! వొంట్లో బరువు లేనివాడికి పదకొండు చాలు, ఎగరడానికి. దాని తయారీ 1996లో ఆగిపోయింది గాని కుర్రాళ్ళ గుండెల్లో ఆగలేదు. అదే 1985లో హీరో హోండా సి.డి. 100 కూడా వచ్చింది. ఫోర్ స్ట్రోక్, చప్పుడు లేదు, పొగ లేదు, ఆయిల్ కలిపే పని లేదు. లీటరు పోయించి మర్చిపోవచ్చు. కుర్రాళ్ళు ఆర్‌ఎక్స్ 100ని ప్రేమించేరు, మామగార్లు హీరో హోండా కొనిచ్చేరు! 1994లో వచ్చిన స్ప్లెండర్ ఆ బాటలోనే నడిచింది. మా బావ ఇప్పటికీ నడిపేది అదే. 2001లో వచ్చిన పల్సర్‌తో మామూలు ఇంటి కుర్రాడికి కూడా కాస్త జోరు అందుబాటులోకొచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆర్‌ఎక్స్ 100కి పదకొండు గుర్రాలు. పిడుగనుకున్న ఆర్‌డికి ముప్ఫై. మా మేనల్లుడు అడిగినదానికి నలభై ఆరు!

వెండితెర మీద రెండు చక్రాలు

బండ్ల మీద మోజుకి సగం కారణం మన సినిమాలే. ఆ మాట సినిమా పత్రికలోనే వొప్పేసుకోవడం మర్యాద.

1973లో రాజ్‌కపూర్ "బాబీ" వచ్చింది. రిషికపూర్, డింపుల్ అందులో ఎక్కిన చిన్న రాజ్‌దూత్‌కి అసలు పేరు పోయి "బాబీ" అనే పేరు స్థిరపడిపోయింది. 1975లో "షోలే"లో పక్కన తొట్టె బిగించిన మోటారు సైకిలు మీద అమితాబ్, ధర్మేంద్ర పాడుకుంటూ పోతే స్నేహమంటే అదే అనుకున్నారు జనం. 1989లో మన "శివ" సైకిలు చైనుతోనే కాలేజీలు దద్దరిల్లేలా చేసింది. ఇక 2022లో "ఆర్‌ఆర్‌ఆర్"లో వంతెన సీను చూశారుగా! ఒక హీరో గుర్రం మీద, ఇంకో హీరో మోటారు సైకిలు మీద. కింద మంటల్లో చిక్కుకున్న పసివాడు. నా వెనక సీట్లో కూచున్న పెద్దాయన లేచి నుంచుని చప్పట్లు కొట్టేడు. నేనూ కొట్టేను, దాచడమెందుకు?

ఆ సీన్లలో తాళ్ళుంటాయి, ఫైటు మాస్టరుంటాడు, పది టేకులుంటాయి, కంప్యూటర్ పనితనముంటుంది. మన రోడ్డు మీద వొకటే టేకు.

బండంటే నిజంగా ప్రాణమిచ్చే హీరో ఎవరంటే అజిత్ కుమార్ పేరు చెప్పాలి. తమిళంలో పెద్ద స్టార్ అయినా పుట్టింది మన హైదరాబాదు జంటనగరాల్లోనే. హీరోగా తొలి తెలుగు చిత్రం 1993లో వచ్చిన "ప్రేమ పుస్తకం". సినిమాల్లోకి రాక మునుపు మోటారు సైకిలు మెకానిక్ పని నేర్చుకున్నాడు. రేసుల్లో దెబ్బలు తిన్నాడు, ఆపరేషన్లు చేయించుకున్నాడు, మళ్ళీ రేసుకే వెళ్ళేడు. అయితే వొక్కటి గమనించాలి. ఆయన వేగం చూపించేది రేసు ట్రాకు మీద. నెత్తి నుంచి కాలి దాకా కవచం తొడుక్కుని మరీ! సంతకి పోయే రోడ్డు మీద కాదు.

ఇంకొక హీరో సంగతి మనందరి కళ్ళ ముందే జరిగింది. 2021 సెప్టెంబరు 10 రాత్రి హైదరాబాదు కేబుల్ బ్రిడ్జి దగ్గర సాయి ధరమ్ తేజ్ నడుపుతున్న స్పోర్ట్స్ బైకు జారి పడిపోయింది. కారణం ఏ విలనూ కాదు. రోడ్డు మీద కాస్త ఇసుక! ఆ నెల దాటాక "రిపబ్లిక్" విడుదలయ్యే నాటికి కూడా హీరోగారు ఆస్పత్రిలోనే వున్నారు. కోలుకుని 2023లో "విరూపాక్ష"తో హిట్టు కొట్టేరు. ప్రాణం నిలబెట్టింది హెల్మెట్టేనని ఆయనే చెబుతుంటారు. సభకెళ్ళినా, ఫంక్షనుకెళ్ళినా హెల్మెట్టు పెట్టుకోమని అభిమానులకి చెప్పకుండా దిగరు. తెర మీద ఎన్ని డైలాగులు చెప్పినా, నాకు ఆయన చెప్పినవాటిలో అన్నిటికన్నా గొప్ప డైలాగు అదే.

అందరికీ ఆ అదృష్టం లేదు. కేంద్ర ప్రభుత్వం లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్ళలో నూటికి నలభై నాలుగు మందికి పైగా రెండు చక్రాల బండ్ల వాళ్ళే. హెల్మెట్టు లేక పోయినవాళ్ళు 50,029 మంది. ఒక ఊరు మొత్తం వొక్క యేడాదిలో ఖాళీ అయిపోయినట్టు లెక్క!

"ఇవన్నీ నాకు తెల్సు మామయ్యా, ఏ బండి కొనాలో చెప్పు" అన్నాడు మావాడు. నిజమే, ఉపన్యాసంతో ఇరవై యేళ్ళవాడు మారితే ఈ దేశం ఏనాడో బాగుపడేది. అంచేత మాటలు కట్టిపెట్టి "రేపు తెల్లారి మారేడుమిల్లి పోదాం పద" అన్నాను.

పాల్వంచ టు మారేడుమిల్లి

దసరా సెలవులు. ముందు రోజు రాత్రి వాన కురిసి వెలిసింది. నేను నా బుల్లెట్ మీద. వాడు స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చుకున్న 390 మీద. ఇద్దరికీ నెత్తిన హెల్మెట్లు, చేతులకి గ్లవ్స్, కాళ్ళకి బూట్లు. అక్క గుమ్మంలో నుంచుని ఏమీ అనకుండా చూసింది. ఏమన్నా అంటే బాగుండేది.

ఊరు దాటి కాస్త దూరం పోగానే జగన్నాథపురం పెద్దమ్మ తల్లి గుడి. ఈ దారిన పోయే బండి ఏదైనా ఇక్కడ ఆగాల్సిందే. కొత్త బండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి కదులుతారు. మేమూ దణ్ణం పెట్టుకున్నాం. నిమ్మకాయ పెట్టడానికి వంగినప్పుడు టైరులో గాలి కూడా చూసుకుంటే అమ్మవారు ఇంకా సంతోషిస్తుందని నా నమ్మకం. వాడు నిజంగానే వంగి చూశాడు. వెనక టైరులో గాలి తక్కువుంది!

అక్కణ్ణించి బొగ్గు లారీలూ, బూడిద ట్యాంకర్లూ. 30వ నెంబరు జాతీయ రహదారి ఇది, విజయవాడ వైపు నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా ఎక్కడో ఉత్తరాదికి పోతుంది. లారీ వెనక నడిపేటప్పుడు ముందున్నవాడి అద్దంలో అతని మొహం మనకి కనపడాలి. కనపడలేదంటే మనం కూడా అతనికి కనపడనట్టే. ఈ వొక్క సూత్రం మా నాన్న నాకిచ్చిన ఆస్తి. వాడికి సైగ చేసి చూపించేను. వెంటనే దూరం జరిగేడు.

సారపాక దాటితే గోదావరి. 1965లో కట్టిన పాత వంతెన పక్కనే ఇప్పుడు కొత్తదీ వుంది. 1986 ఆగస్టులో ఇక్కడ నీటిమట్టం 75.6 అడుగులకి చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఇవాళ మాత్రం అమ్మ నిద్రపోతున్నట్టు వుంది. బండ్లు ఆపి కాసేపు చూశాం. నదికీ బండికీ వొకటే న్యాయం కాబోలు. జోరు చూసి మురవడం కాదు, ఆ జోరుని నిలబెట్టే గట్టు ఎక్కడుందో ముందు చూసుకోవాలి.

భద్రాచలం దాటగానే ఆంధ్రప్రదేశ్. 2014లో ఈ మండలాలు అటు వెళ్ళేయి. బోర్డు మారుతుంది గాని అడవి మారదు. కోయ గూడేలు, రోడ్డు మీదే పడుకున్న ఆవులు, తల్లి వెనక పరుగెత్తే కోడిపిల్లలు. ఇక్కడ బండి నడపడమంటే రోడ్డుని నడపడం కాదు, రోడ్డు పక్కని నడపడం. ఆవు నుంచున్నదా, లేవబోతున్నదా? మేకపిల్ల అటుంటే తల్లి ఇటుందా? గంటకి 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి పదహారు మీటర్లు పోతాం. కన్ను చూసి, బుర్ర నమ్మి, చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపు ఆ పదహారు అయిపోతాయి. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుంది. లెక్కల మాస్టారు ఇది బోర్డు మీద చెబితే మనకెక్కదు. ఆవు చెబితే ఎక్కుతుంది!

చింతూరులో శబరి నది వొడ్డున టిఫిను. అక్కణ్ణించి వొక దారి ఛత్తీస్‌గఢ్‌కి, ఇంకో దారి ఘాటెక్కి మారేడుమిల్లికి. "పుష్ప" షూటింగు జరిగిన అడవులివే. ఘాటు మొదట్లో నేను బండ్లు మార్చుకుందామన్నాను. వాడు బుల్లెట్ ఎక్కేడు, నేను 390 ఎక్కేను.

నిజం చెప్పొద్దూ, మతి పోయింది! బుల్లెట్‌లో నేను అడుగుతాను, అది ఆలోచించి ఇస్తుంది. ఇది నేను అడగబోతున్నానని తెలిసి ముందే ఇచ్చేస్తుంది. బ్రేకులు కూడా అంతే గట్టివి, ఎ.బి.ఎస్. వుంది. ఎంత గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా పట్టీ పట్టక పట్టే యంత్రం అది. 2019 నుంచి మన దేశంలో 125 సి.సి. పైబడిన బండ్లన్నిటికీ తప్పనిసరి చేశారు. ఆర్‌డి రోజుల్లో లేని కళ్ళెం ఇప్పుడుంది. బండిలో లోపం లేదు. కాని నాలుగు మలుపులు తిరిగేసరికి నాకొకటి అర్థమయింది. ఈ బండి మీద నేను ముప్ఫై ఏడేళ్ళవాణ్ణి కాదు, మళ్ళీ ఇరవై యేళ్ళవాణ్ణి! భయమేసింది. ఆపి, మళ్ళీ బుల్లెట్ తీసుకున్నాను.

గురువుగారి పాట్లు

ఇప్పుడు అసలు సంగతి. మలుపుల్లో ఎలా తిరగాలో వాడికి చూపిస్తూ ముందు నేను పోతున్నాను. మలుపుకి ముందే గేరు దింపాలి, బ్రేకు పనంతా తిన్నగా వున్నప్పుడే ముగించాలి, చూపు మలుపు చివరికి వేయాలి. చూపు ఎటుంటే బండి అటు పోతుంది. ఇవన్నీ పొద్దుటే పాఠం చెప్పేను. శిష్యుడు ఎంత బాగా నేర్చుకున్నాడో చూద్దామని అద్దంలోకి చూశాను. మురిసిపోయాను. చూపు అద్దంలో వుంది, మలుపు ముందుంది!

తలెత్తేసరికి రోడ్డు మీద తడి ఆకులు. కంగారులో బండి వాలి వుండగానే ముందు బ్రేకు పిండేను. అంతే. వేగం ఇరవై అయిదు కూడా వుండదు. బండి నెమ్మదిగా, పెద్దమనిషి పక్క మీద వాలినట్టు వాలింది. నేను దాని పక్కన. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగింది. హెల్మెట్టు ఠప్పున రోడ్డుకి కొట్టుకుంది. ఆ చప్పుడు నా బుర్రది కావలసింది.

మావాడు ఏం చేశాడో చెప్పాలి. పరుగెత్తుకుంటూ నా దగ్గరికి రాలేదు. ముందు తన బండిని మలుపుకి ఇవతల రోడ్డు అంచున ఆపేడు. ఇండికేటర్ వేశాడు. రెండు కొమ్మలు విరిచి వెనకొచ్చేవాళ్ళకి కనపడేలా రోడ్డు మీద పడేశాడు. తర్వాత వచ్చి నా ఇంజను ఆపేడు. అప్పుడు అడిగేడు, "మామయ్యా, కాళ్ళూ చేతులూ కదుపు చూద్దాం" అని. అన్నీ కదిలేయి. అప్పుడు నవ్వేడు. "ఏంది మామయ్యా, ఇంత పండితుడివి!"

ఇద్దరం రోడ్డు పక్కన బండరాయి మీద కూచున్నాం. ఏదో పిట్ట కూస్తోంది. నాకు నవ్వు రాలేదు. పదిహేడేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట బయటికొచ్చింది.

మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ వొకటుంది. నాకు ఇరవై యేళ్ళప్పుడు కొత్తగూడెంలో సెకండు షో చూసి స్నేహితుడితో ఆర్‌ఎక్స్ 100 మీద పాల్వంచ వస్తుంటే, ఎదురుగా లారీ లైట్లు కళ్ళలో పడి గేదెని గుద్దేను. నాకు మెడ పక్క ఎముక విరిగింది. వెనక కూచున్నవాడికి కాలు విరిగి రాడ్డు వేశారు. వాడు ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు.

"ఆ రాత్రి లారీ లేదురా" అన్నాను.

వాడు తలెత్తి చూశాడు.

"అప్పుడే చూసొచ్చిన సినిమాలో హీరోలాగా రెండు చేతులూ వొదిలేశాను. వెనకవాడు వద్దురా వద్దురా అంటున్నాడు. నేను ఇంకా చేతులు చాపేను. గేదె లేచింది. పట్టుకోడానికి హ్యాండిల్ అందలేదు. హెల్మెట్లు ఇద్దరికీ లేవు. ఆస్పత్రిలో మా నాన్న అడిగితే లారీ అని చెప్పేను. పక్క మంచం మీద వాడు విన్నాడు. ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ బజార్లో ఎదురుపడితే ‘ఏరా, ఆ లారీవాడు దొరికేడా?’ అని నవ్వుతాడు. నువ్వడిగిన ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకు లేదురా. ఆ నవ్వు వినీ వినీ నేర్చుకున్నదే చెప్పగలను."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన గ్లవ్స్ తీసి నాకిచ్చేడు. నావి చిరిగిపోయాయి మరి.

ఇంతకీ ఏ బండి?

ఈ ప్రశ్న పాఠకుల్లో చాలామంది ఇళ్ళల్లో వుంటుంది. అంచేత నాకు తోచింది చెబుతాను, పాటించడం పాటించకపోవడం మీ ఇష్టం.

బండి ఎన్ని గుర్రాలదని ముందు అడక్కండి. దానికి కళ్ళెం ఎలాంటిదని అడగండి. ఎ.బి.ఎస్. వున్న బండి కొనండి. సీటు మీద కూచుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. పడిపోతే మీరు వొక్కరే లేపగలగాలి. మొదటి బండి 150, 160 సి.సి. దాటనక్కర్లేదు. మన రోడ్ల మీద అంతకన్నా పరుగెత్తే చోటే తక్కువ. మీ ఊరికి పదిపదిహేను కిలోమీటర్లలో మెకానిక్కూ సామాన్లూ దొరకాలి, లేకపోతే ఎంత అందమైన బండైనా ఇంటి ముందు బొమ్మే. మీకు వచ్చే డబ్బుకి కిస్తీ ఎంత, టైర్ల ఖర్చెంత అని కాగితం మీద వేసుకోండి. పాత ఆర్‌ఎక్స్‌లు, ఎజ్డీలు ప్రేమతో వుంచుకోండి, పండగకి తీయండి, రోజూ ఆఫీసుకి మాత్రం కొత్త బ్రేకులున్న బండి మీద వెళ్ళండి. హెల్మెట్టు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. పెట్టుకున్నాక గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ బిగించని హెల్మెట్టు టోపీతో సమానం.

ఇక మావాడి సంగతి. సాయంత్రం తిరిగొచ్చేం. నా చిన్నప్పుడు ఏ దారిన వచ్చినా పాత థర్మల్ కూలింగ్ టవర్లు ఎనిమిదీ దూరాన్నించి కనిపించేవి. అవి కనపడితే ఇల్లొచ్చేసినట్టే అని నాన్న వేగం తగ్గించేవారు. 2024 ఆగస్టులో వాటిని కూల్చేశారు. అయినా ఆ చోటికి రాగానే నా చెయ్యి తనంతట తనే యాక్సిలరేటర్ వొదిలింది. అద్దంలో చూస్తే (ఈసారి రోడ్డు తిన్నగానే వుంది లెండి!) వాడూ తగ్గించేడు.

అక్కకి లారీ కథ విప్పి చెప్పేను. చిరిగిన ప్యాంటు కూడా చూపించేను. అక్క చాలాసేపు నా మొహంలోకి చూసి, "అన్నం చల్లారిపోతోంది, రండి" అంది. అంతే. ఆ రాత్రి పప్పులో ఉప్పు ఎక్కువయింది. ఎవరం అనలేదు.

మావాడు మారిపోయి సాధువు అయ్యేడనుకోకండి. బేరమాడేడు. "రెండేళ్ళు 160 నడుపుతా. నా ఉద్యోగం డబ్బుతో 390 కొనుక్కుంటా. అప్పుడు అడ్డు చెప్పొద్దు" అన్నాడు. సరేనన్నాను. న్యాయమైన బేరమే మరి!

మర్నాడు బండి చూడ్డానికి కొత్తగూడెం వెళ్ళేం. షోరూముకంటే ముందు వాడు హెల్మెట్ల కొట్టు దగ్గర ఆగేడు. రెండు తీసుకున్నాడు.

"రెండెందుకురా? నాకుందిగా" అన్నాను.

"నీకు కాదు మామయ్యా" అన్నాడు వాడు పట్టీ లాగి చూసుకుంటూ. "వెనక కూచునేవాడికి."